పోయిండు అన్న మాట

మోదుగాకుల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చిన మల్లేశం దాన్ని ఎక్కడ దించాలో తెలియక వాకిట్లోనే నిలబడిపోయాడు. ఇంట్లోకి పోదామంటే సరోజన గడపకు అడ్డంగా కూర్చుంది.

"దించకు," అన్నదామె. "ఎక్కడికెళ్ళి తెచ్చినవో అక్కడనే పారేసి రా."

"దించురా," అన్నాడు జగపతి పందిరి కింద నుంచి.

మల్లేశం జీతం ఉన్నది జగపతి దగ్గరే గానీ, రోజూ అన్నం పెట్టేది సరోజన. పాపం, వాడు మోపు దించనూ లేదు, వెనక్కి పోనూ లేదు.

పంతులు అరుగు మీద దర్భలు సరిచేసుకుంటూ ఏమీ వినపడనట్టు కూర్చున్నాడు. పెళ్ళి ఇళ్ళలో, చావు ఇళ్ళలో తిరిగి తిరిగి ఆయనకు ఆ విద్య బాగా అబ్బింది. ఇది ఏ ఇల్లో మాత్రం ఆయనకూ ఇంకా తేలలేదు.

ఆ దర్భలతో, ఆ మోదుగాకులతో మనిషి బొమ్మ కడతారు. దానికి వెంకట్రాం అని పేరు పెట్టి చెలక గట్టున కాలుస్తారు. పదోనాడు కోడలు ప్రేమలత మెడలో పుస్తెలు తీస్తారు. అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలంటూ చదువు వదిలేసి, మానుకోటలో హైదరాబాదు బండెక్కిన కొడుకు జాడ లేకుండా పోతే, పన్నెండేళ్ళు చూసి చేయవలసింది ఇదేనని పంతులు చెప్పాడు. ఈ జ్యేష్ఠానికి పన్నెండేళ్ళూ నిండాయి.

"కర్మ చచ్చినోనికి జేస్తరు," అన్నది సరోజన. "నా కొడుకు చచ్చిండని మీకెవలు జెప్పిండ్రు?"

"నువ్వే."

"నేనా!"

"నీ నోటితోనే అన్నవట, పోయిండు అని. నీ నోట ఆ మాట ఎప్పుడొస్తదా అని ఇన్నేండ్లు జూసిన. వచ్చింది. ఇంకేం గావాలె?"

సరోజన మెల్లగా తల తిప్పి కూతురి వైపు చూసింది.

ఊర్మిళ దర్వాజా పక్కన నిలబడి ఉంది. హనుమకొండలో హాస్టల్లో ఉండి సమాజ శాస్త్రంలో ఎమ్మే చేస్తోంది. అరవై తొమ్మిదిలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళు ఆ సంగతిని ఇప్పుడు ఎలా అర్థం చేసుకుంటున్నాయన్నది ఆమె చేస్తున్న పరిశోధన. సంఖ్యలు వద్దు, మనుషుల మాటలు తెమ్మన్నారు సారు. మీ మాట వాళ్ళ నోట్లో పెట్టకండి, వాళ్ళ మాటకు వాళ్ళ అర్థమేంటో వాళ్ళనే అడగండి అని తరగతిలో మళ్ళీ మళ్ళీ చెప్పారు. మొదట ఎవరింటికి పోవాలో తెలియక ఊర్మిళ తన ఇంటికే వచ్చింది. తల్లినీ, తండ్రినీ, వదిననూ విడివిడిగా కూర్చోబెట్టి, అరువు తెచ్చుకున్న టేప్ రికార్డరులో మాటలు పట్టుకుంది.

మొన్న తినేటప్పుడు జగపతి ఊరికే అడిగాడు, మీ అవ్వ ఏమన్నదే అని. "అన్న పోయిండు అన్నది బాపూ," అన్నది ఊర్మిళ. సారు నేర్పినట్టు, ఉన్న మాట ఉన్నట్టే చెప్పింది. జగపతి కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. తెల్లవారి పంతులింటికి పోయాడు.

"ఏం జెప్పినవే మీ బాపుకు?"

"నువ్వన్నదే జెప్పిన అవ్వా."

"నేను పోయిండు అన్న. పోయిండు గద మరి! టేషన్‌కు పోయిండు, బండెక్కి పోయిండు. ఎడ్ల కచ్చురం గట్టి దింపి వచ్చింది మీ బాపు గాదా? పోయినోడు వస్తడు, చచ్చినోడు రాడు. ఇంత సదువు సదివినవ్, గీ ముక్క ఎరుకలేదా నీకు?"

ఏ మాటకైనా అర్థం అడగమన్న సారు పాఠం ఊర్మిళకు కంఠతా వచ్చు. ఈ మాటకు మాత్రం అడగలేదు. పోయిండు అంటే తెలియనిదెవరికి?

"పంచాది ఎందుకు?" అన్నాడు జగపతి. "ఆ టేపు పట్కరా బిడ్డా. మీ అవ్వ ఏమన్నదో అందరం ఇందాం."

"ఎందుకు బాపూ..."

"పట్కరమ్మన్న."

టేప్ రికార్డరు తెచ్చి అరుగు మీద పెట్టింది. మల్లేశం చివరికి మోపు దించుకుని దాని పక్కనే కూర్చున్నాడు. ఊర్మిళ మీట నొక్కింది. ముందు చేటలో పప్పు చెరిగే చప్పుడు వచ్చింది. తర్వాత సరోజన గొంతు.

"...ఉడుకుడుకు అన్నంల పెరుగేసుకుంటుండె. వద్దురా, జలుబైతది అంటె ఇనకపోవు. ఏమున్నది ఇగ. పోయిండు బిడ్డా. పోయిండు."

చేట చప్పుడు ఆగింది. టేపు మాత్రం చాలాసేపు ఉత్తగా తిరిగింది. తర్వాత మళ్ళీ సరోజన గొంతే, "పొయ్యి మీద పాలున్నయ్," అన్నది.

"ఇన్నవా?" అన్నాడు జగపతి. "రెండుమాట్ల అన్నవ్. ఆ గొంతు ఇను. ఊరికి పోయినోని గురించి అట్ల అంటరా ఎవలన్న? ఆ తర్వాత మాటే లేదు."

"పాలు పొంగుతయేమోనని పొయ్యి దిక్కు చూసిన."

"అంతసేపు చూసినవా?"

"అవు, చూసిన."

జగపతి పంతులు వైపు తిరిగాడు. "మీరు జెప్పుండ్రి అయ్యగారూ. మీకేం సమజైంది?"

"నాకు ధర్మశాస్త్రం ఎరుకే గని టేపులు ఎరుకలేవు," అన్నాడు పంతులు, దర్భల మీద నుంచి కళ్ళెత్తకుండా.

మళ్ళీ వెనక్కి తిప్పమన్నాడు జగపతి. మళ్ళీ విన్నారు. మొదటిసారి విన్నప్పుడు కోపంగా ఉన్న సరోజన ముఖం రెండోసారికి మారింది. తన గొంతు తాను బయట నుంచి వినడం ఆమెకు అదే మొదలు. వచ్చే కొడుకు గురించి మాట్లాడే తల్లి గొంతులా లేదది. ఆ సంగతి ఆమెకు తెలిసిపోయింది.

"ఆపు," అన్నది. "నేను గట్ల అన్ననా?"

"నువ్వే అవ్వా."

"నాది గాదా గొంతు."

సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఏడవలేదు. గడప మీద నుంచి మాత్రం లేవలేదు.

జగపతి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నాకు సంబురమా చెప్పు? నా పానం ఇదివరకటి తీర్గ లేదు. రేపు నేను గన్క పోతే వానికి నీళ్ళిడిచెటోడు గూడ ఉండడు. ఎక్కడ, ఎవల చేతుల, ఏ లాఠీ కింద పోయిండో. దిక్కులేని పీనుగై తిరుగుతుండొచ్చు నా కొడుకు. గది నాకు నిద్రల వస్తది. నీకు వాడు వచ్చుడే వస్తది. నేనేం జెయ్యాలె?"

"కోడలిని అడుగుండ్రి," అన్నది సరోజన, ఆయన ముఖం చూడకుండా. "పుస్తెలు ఆమెవి. ఆమె సరేనంటే నేను లేస్త. వద్దంటే పంతులు ఇంటికి పోతడు."

"మంచిది. ప్రేమలతనే అడుగుదాం. ఎక్కడున్నదామె?"

ఎక్కడుంటుంది? ఇంటి వెనక, బావి దగ్గర. ఈ కర్మకే కావలసిన రాగిచెంబులు చింతపండుతో తోముతోంది. పొద్దుట్నుంచి ఈ ఇంట్లో ఆమెను పని అడిగినవాళ్ళే గానీ, మాట అడిగినవాళ్ళు లేరు.

ఊర్మిళ టేప్ రికార్డరు ఎత్తుకుని లోపలి గదిలోకి పరుగెత్తింది. ఒక తప్పు జరిగిపోయింది, ఇంకొకటి జరగకూడదు. వదిన ఇప్పుడు ఏమంటుందో తెలియదు, అప్పుడు ఏమన్నదో మళ్ళీ ఒకసారి వినాలి. వదిన క్యాసెట్టు పెట్టి, కాగితం మీద తాను రాసుకున్నది ముందు పెట్టుకుంది.

కాగితం మీద ఉన్నది ఇంతే: ఏమనుకోవాలె. మీ అన్న పోయిండు. గంతే.

టేపులో ప్రేమలత ఎప్పటిలాగే ఎత్తూ పల్లం లేని గొంతుతో అన్నది: "ఏమనుకోవాలె. మీ అన్న వచ్చి పోయిండు. గంతే."

ఊర్మిళ ఆపింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది.

వచ్చి పోయిండు.

సారుది నెల్లూరు దిక్కు. నోరు తెరిస్తే "మాదొచ్చి నెల్లూరండీ, మా నాన్నొచ్చి మేష్టరండీ" అంటారు. మాటల్లో అర్థం లేకుండా దొర్లే ముక్కల్ని ఊతపదాలంటారనీ, టేపు విని రాసేటప్పుడు వాటిని తీసెయ్యమనీ చెప్పింది ఆయనే. అంటే, మరి, వచ్చి. ఊర్మిళ బుద్ధిమంతురాలు, అన్నీ తీసేసింది. సారు తీసెయ్యమన్నది నెల్లూరు వచ్చిని. ఈ పిల్ల తన ఊరు దంతాలపల్లి వచ్చిని తీసేసింది. దంతాలపల్లిలో వచ్చి అంటే వచ్చే, ఇంకేం కాదు. పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న భాషను పరాయి చెవితో వింటే ఇలాగే ఏడుస్తుంది మరి.

ఊర్మిళ లేచి బావి దగ్గరికి పోయింది.

ప్రేమలత తల ఎత్తలేదు. ముప్పై నిండిన మనిషి. పెళ్ళయిన ఏడాది తిరగకుండానే మొగుడు బండెక్కాడు. ఆమె ముఖంలో దుఃఖం వెతికేవాళ్ళకు దుఃఖం దొరకదు. ఎవరో పెట్టి మరిచిపోయిన గిన్నెలా ఉంటుంది.

"వదినా, అన్న వచ్చిండా?"

చెంబు తోమే చెయ్యి ఆగలేదు. "నీకు అప్పుడే జెప్పిన గద. పట్టుకున్నవ్ గద ఆ డబ్బల."

"అప్పుడు నాకు ఇనబడలే."

"ఇనబడలేదా?" ఆ మాట ప్రేమలతకు ఎక్కడో కొంచెం తగిలినట్టుంది. "నేను జెప్పిన్నే అనుకున్న. జెప్పినంక గూడ నువ్వేం అడుగకపోతివి. మీకందరికీ ఎరుకే గావచ్చు, నాకే దాస్తున్నరు గావచ్చు అని సుత అనుకున్న."

"అయ్యో వదినా! బతికున్నడా అన్న?"

"ఉన్నడు. గడ్డం నెరిసింది. బొర్ర వచ్చింది."

"ఎక్కడుంటడట?"

"భూపాలపల్లి దిక్కు అన్నడు. నేను అడుగలే, ఆయనే అన్నడు. ఏలు వట్టుకోని ఒక పోరి ఉండె, ఐదారేండ్లది. బాపూ పోదాం పా, బాపూ పోదాం పా అని గుంజుతుండె."

ఊర్మిళ అక్కడే బావి గద్దె మీద కూర్చుంది. "నీతోని ఏమన్నడు?"

"నన్ను లేనోని కింద లెక్కవెట్టుకో అన్నడు. నేను సరే అన్న."

"సరే అన్నవా? కొట్లాడలేదా? ఏడ్వలేదా?"

"లేదు." ప్రేమలత కొంచెం ఆలోచించింది. "ఏడుపు వస్తదేమో అని నేనూ జూసిన. రాలే. ఆయన చొక్కకు ఒక గుండి లేకుండె. గదే జూసుకుంట నిలవడ్డ."

"ఇది చెప్పాలె వదినా. ఇప్పుడే పోయి బాపుకు, అవ్వకు జెప్పాలె. బతికున్నోని బొమ్మను కాలవెడ్తుండ్రు ఆడ!"

అప్పుడు మొదటిసారి ప్రేమలత చెంబు కింద పెట్టింది. తడిచేత్తోనే ఊర్మిళ చెయ్యి పట్టుకుంది.

"చెప్పకు."

"నీ పుస్తెలు తీస్తరు వదినా!"

"తియ్యనీ. ఏమైతది? ఎవలన్న కలిస్తె చాలు, ఏమన్న ఎరుకైందా అంటరు. బతుకమ్మ కాడ గదే, బోరింగు కాడ గదే. ముండమోసినదాన్నైతె ఎవ్వలు అడుగరు. జర నెమ్మదిగ ఉంటది."

"అవ్వ సంగతేంది మరి? కొడుకు వస్తడని ఇన్నేండ్లు..."

"అత్తమ్మ కోసమే చెప్పకు అంటున్న. అత్తమ్మకు ఆ కొడుకు చచ్చిపోవుడే మంచిది."

"ఎందుకట్ల అంటవ్?"

ప్రేమలత మళ్ళీ చెంబు అందుకుంది. ఊర్మిళ ఆమె భుజం పట్టుకుని ఊపింది. "ఎందుకు వదినా? ఎప్పుడొచ్చిండు? ఎక్కడ?"

"కోడలా!" అని పందిట్లో నుంచి జగపతి పిలుపు వినిపించింది. "జర ఇట్ల రా బిడ్డా."

ప్రేమలత లేచి చెంబులు మూడూ సంకన పెట్టుకుంది. "చెప్పినవంటె నా మీద ఒట్టే," అని ముందు నడిచింది.

పందిట్లో ఎవరూ కదల్లేదు. గడప మీద సరోజన అలాగే ఉంది. కోడలిని చూడగానే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. వద్దను బిడ్డా అని ఆ కళ్ళు బతిమాలడం గుడ్డివాళ్ళకైనా తెలుస్తుంది.

"నీ మీదనే వేసినం," అన్నాడు జగపతి. "నువ్వు ఏదంటె గదే. వద్దంటె చెప్పు, నాకేం కోపం రాదు."

"కానియ్యండి మామా."

"ప్రేమా!" అన్నది సరోజన. "నువ్వు సుతనా?"

ప్రేమలత అత్త ముఖం చూడలేదు. చెంబులు వరసగా అరుగు మీద పెట్టింది. సరోజన గోడ పట్టుకుని లేచింది. లేచి, ఎటు పోవాలో తెలియనట్టు ఒక నిమిషం నిలబడి, పందిట్లోనే ఒక మూలకు జరిగి కూర్చుంది. మల్లేశం మోపు విప్పాడు.

ఊర్మిళ వదిన వెనకే వచ్చి నిలబడింది. చెబితే వదిన ఒట్టు, చెప్పకపోతే అన్న బొమ్మ. ఇన్నాళ్ళూ మనుషుల చేత మాట్లాడించడమే పని అనుకుంది. మాట్లాడకుండా ఉండటం ఎవరూ నేర్పలేదు.

పంతులు చేతులు చకచకా కదిలాయి. ఆకు మీద ఆకు, దర్భ మీద దర్భ. చూస్తుండగానే తల వచ్చింది, చేతులు వచ్చాయి. జగపతి అటు చూడలేక తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇగ సంకల్పం," అన్నాడు పంతులు. "మనిషి పోయిన తిథి తెల్వదు గన్క, ఆఖరుసారి కండ్లవడ్డ తిథే పట్టుకోవాలె. ఎవలు చూసిండ్రు ఆఖరుకు?"

"నేనే," అన్నాడు జగపతి. "జ్యేష్ఠ మాసం. శుద్ధ దశమి. మానుకోటల బండెక్కిచ్చిన."

"మంచిది. భార్య గూడ చెప్పాలె. అమ్మా, ఇటు రా. చెయ్యి పట్టు." పంతులు ప్రేమలత దోసిట్లో నీళ్ళు పోశాడు. "ఆ దశమి తర్వాత మళ్ళ నా కండ్లతో చూడలేదు అని, నీ నోటితోని అని, నీళ్ళు విడువు."

ఆ ఇంట్లో ఇవాళ్టి దాకా ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. ఎట్లున్నవ్ అని అడిగారు, ఏమనుకుంటున్నవ్ అని టేపు పెట్టి మరీ అడిగారు. మళ్ళీ చూశావా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. జవాబు తమకు తెలుసుననే అందరి ధీమా.

ప్రేమలత పెదవులు కదిలాయి. "ఆ దశమి తర్వాత..." అన్నది. అక్కడ ఆగింది. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి.

"అను తల్లీ. మళ్ళ చూడలేదు అని అను."

"చూసిన," అన్నది ప్రేమలత.

పంతులు చేతిలో చెంబు వంచినది వంచినట్టే ఉండిపోయింది.

"ఎప్పుడు?" అన్నాడు జగపతి.

"పోయినేడు. మాఘ పున్నమి ముందటి రోజు. మేడారంల."

సరోజన మూల నుంచి లేచి వచ్చింది. పోయినేడు మేడారం జాతరకు కోడలిని వెంటబెట్టుకుని పోయింది ఆమే. కొడుకు కండ్లవడితే నిలువెత్తు బెల్లం ఇస్తానని సమ్మక్క గద్దెకు మొక్కుకున్నది. ఇప్పుడు కోడలి ఎదుటికి వచ్చి, చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడింది.

"నేను నీ ఎంబడే ఉంటి గద బిడ్డా."

"వాగుల తానం జేస్తుంటివి అత్తమ్మా. నేను ఒడ్డుకు బట్టలు వట్టుకోని ఉంటి."

"నన్ను జూసిండా?"

ఊర్మిళ "వదినా, వద్దు," అన్నది.

"నువ్వు ఊకో," అన్నది సరోజన కూతురితో. "ప్రేమా, చేతుల నీళ్ళున్నయ్. అబద్ధమాడకు. నా కొడుకు నన్ను జూసిండా?"

"చూసిండు అత్తమ్మా," అన్నది ప్రేమలత. "నువ్వు తలమునిగి లేచేదాంక నిలవడి చూసిండు. చూసే పోయిండు."